లెక్కల మాటలు: ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు గణిత పదాలు నేర్పే విధానం

ముషీరాబాద్‌లోని మా ఇంటి వరండాలో ఒక సాయంత్రం ఏడో తరగతి అమ్మాయి లెక్క చేసి నోటుపుస్తకం నా ముందు పెట్టింది. వృత్త వ్యాసార్ధం 7 సెంటీమీటర్లు అయితే పరిధి ఎంత అన్నది ప్రశ్న. ఆమె 22/7ను 7తో గుణించి 22 సెంటీమీటర్లు అని రాసింది. గుణకారంలో తప్పు లేదు, 22/7 అన్న విలువ కూడా గుర్తుంది. రావలసిన జవాబు మాత్రం 44.

"వ్యాసార్ధం అంటే ఏమిటమ్మా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "వ్యాసం అర్థం, టీచర్" అంది.

పాపం, తెలుగు క్లాసులో వ్యాసాలు రాస్తుంది, పాఠం చివర అర్థాలు నేర్చుకుంటుంది. ఆ రెండు మాటలూ కలిసి లెక్కల పుస్తకంలోకి ఎందుకు వచ్చాయో ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా. నేను పలక మీద "వ్యాసం + అర్ధం" అని రాసి, రెండో మాటలో ఉన్నది "ధ" అని, "అర్థం"లోని "థ" కాదని చూపించాను. అర్ధం అంటే సగం. అర్ధరాత్రిలో ఉన్న అర్ధమే ఇదీ. వృత్తానికి ఆ చివరి నుంచి ఈ చివరికి కేంద్రం మీదుగా గీసిన గీత వ్యాసం, అందులో సగం వ్యాసార్ధం. ఆ అమ్మాయి మళ్లీ నేను చెప్పకుండానే 7ను రెట్టింపు చేసి 44 రాసింది.

ఇలాంటి సాయంత్రాలు చాలా చూశాక, పిల్లలకు లెక్కలు రావడం లేదన్న మాట వినగానే నేను ముందు వాళ్ల మాటలను పరీక్షిస్తున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో కొత్త పదాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. హైదరాబాద్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతారు, ఇంట్లో అమ్మానాన్నలు తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. అందుకే పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లోనూ, ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషుగా అచ్చువేస్తున్నారు. ఆ ఎదురెదురు పుటలు ఎంత మంచి సాధనమో చాలా ఇళ్లలో గుర్తించలేదు. కింద చెప్పే పద్ధతికి ఆ పుస్తకం, ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం, కొంచెం దారం ఉంటే చాలు.

మొదటి మెట్టు: ఏ మాట అడ్డుపడుతోందో కనిపెట్టండి

పిల్లవాడు తప్పు చేసిన లెక్కనే తీసుకోండి. అందులో అంకెలున్న చోట వేలు పెట్టి మూసేసి, మిగిలిన వాక్యాన్ని పైకి చదివించండి. మన దగ్గర ఏముంది, ఏమి అడుగుతున్నారు అని తన మాటల్లో చెప్పమనండి. అంకెలు కనిపిస్తే పిల్లలు వెంటనే కూడికో తీసివేతో మొదలుపెట్టేస్తారు. అవి కనిపించకపోతే వాక్యం చదవక తప్పదు.

తప్పు జవాబు కూడా చాలా చెబుతుంది. ఈ లెక్క చూడండి: ఒక వ్యాపారి కుర్చీని 800 రూపాయలకు కొని 1,000 రూపాయలకు అమ్మాడు, లాభశాతం ఎంత? జవాబు 200 అని రాసిన పిల్లకు లాభం తెలుసు, శాతం తెలియదు. 20 అని రాసిన పిల్లకు రెండూ తెలుసు, కానీ లాభాన్ని కొన్నవెల మీద లెక్కించాలని తెలియక అమ్మినవెల మీద లెక్కించింది. 25 అని రాసిన పిల్లకు అన్నీ తెలుసు. మొదటి ఇద్దరికీ తప్పు గుర్తు పెట్టి వదిలేస్తే ఇద్దరూ ఒకే రకంగా కనిపిస్తారు. వాళ్లకు నేర్పవలసిన మాటలు మాత్రం వేరు.

ఇలా ఒక వారం పాటు గమనించి, తడబడిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కాగితమే మీ పాఠ్యప్రణాళిక. పుస్తకం వెనుక ఉన్న పదాల పట్టిక మొత్తం బట్టీ పట్టించవద్దు.

రెండో మెట్టు: మాటను విడగొట్టండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. మన గణిత పదాల్లో చాలావాటికి అర్థం వాటి లోపలే ఉంటుంది. 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. లెక్కలు చెప్పుకోవడం మన భాషకు అంత పాత అలవాటు. సంధి విడదీయడం పిల్లలు తెలుగు క్లాసులో ఎలాగూ నేర్చుకుంటున్నారు. దాన్నే ఇక్కడ వాడమనండి.

భాగహారంలో నాలుగు పేర్లున్నాయి: విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం. మొదటి రెండింటినీ పిల్లలు తప్పకుండా తారుమారు చేస్తారు. చివరి అక్షరాలను చూపించండి. పూజ్యం అంటే పూజించదగినది, త్యాజ్యం అంటే వదిలిపెట్టదగినది. అదే వరసలో విభాజ్యం అంటే భాగించబడవలసినది. రక్షకుడు రక్షించేవాడు, బోధకుడు బోధించేవాడు అయినట్టే, విభాజకం భాగించేది. 75ను 8తో భాగిస్తే 75 విభాజ్యం, 8 విభాజకం, 9 భాగఫలం, 3 శేషం. ఎనిమిది తొమ్ముల 72, దానికి 3 కలిపితే 75 తిరిగి వస్తుంది. ఈ సరిచూసుకోవడం నాలుగు మాటలనూ ఒకే చోట కట్టేస్తుంది.

గుణిజం, కారణాంకం అనే జంట ఇంకా మొండిది. గుణిజంలో చివరి "జ"ను పట్టుకోండి. బురదలో పుట్టింది పంకజం, నీటిలో పుట్టింది జలజం, గుణించగా పుట్టింది గుణిజం. 6ను 1తో, 2తో, 3తో గుణిస్తూ పోతే 6, 12, 18 పుడుతూనే ఉంటాయి, వాటికి అంతు లేదు. కారణాంకం అంటే ఆ సంఖ్య ఏర్పడడానికి కారణమైన సంఖ్య. 12 ఏర్పడడానికి కారణమైనవి 1, 2, 3, 4, 6, 12. అవి లెక్కకు అందేంత కొద్దివి.

ఇది స్థిరపడితే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), గ.సా.కా. (గరిష్ఠ సామాన్య కారణాంకం) అనే పొట్టి పేర్లు భయపెట్టవు. కొన్ని పుస్తకాల్లో రెండోదాన్ని గ.సా.భా. అంటారు, భాజకం అన్న మాట వాడి. పిల్లలను తప్పుదారి పట్టించేవి ఇక్కడ రెండున్నాయి. ఒకటి, "సామాన్య" అంటే సాధారణమైన అని అనుకోవడం. ఇక్కడ దాని అర్థం ఉమ్మడి అని. రెండు, "గరిష్ఠ" అన్న మాట ఉంది కాబట్టి జవాబు పెద్దగా వస్తుందని ఎదురుచూడడం. 12, 18లకు గ.సా.కా. 6 మాత్రమే, క.సా.గు. ఏమో 36. ఉమ్మడి కారణాంకాల్లో ఎంత పెద్దదైనా అది ఇచ్చిన సంఖ్యల్లో చిన్నదాన్ని దాటదు. ఉమ్మడి గుణిజాల్లో ఎంత చిన్నదైనా అది పెద్దదానికన్నా తగ్గదు. 12 మీటర్ల రిబ్బనునూ 18 మీటర్ల రిబ్బనునూ ఏమీ మిగలకుండా సమానమైన ముక్కలుగా, వీలైనంత పొడుగ్గా కత్తిరించాలంటే 6 మీటర్లు కావాలి. ఒకే బస్టాండు నుంచి ఒక బస్సు 12 నిమిషాలకు ఒకసారి, ఇంకోటి 18 నిమిషాలకు ఒకసారి బయలుదేరుతుంటే రెండూ కలిసి బయలుదేరేది మళ్లీ 36 నిమిషాలకు. ముక్కలకు కారణాంకం, కలయికకు గుణిజం అని పిల్లలే పట్టుకుంటారు.

సంఖ్యల పేర్లలో ఒక మెలిక ఉంది, దాన్ని ముందే విప్పి చెప్పాలి. 0, 1, 2, 3 ఇలా పోయేవి పూర్ణాంకాలు. వాటికి -1, -2, -3 లాంటివి చేరితే పూర్ణసంఖ్యలు. రెండు పేర్లూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి, ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఎనిమిదో తరగతిలో వచ్చే అకరణీయ సంఖ్యలది మరో కథ. కరణి అంటే 2కు వర్గమూలం లాంటిది, ఎంత దూరం పోయినా భిన్నంగా రాయలేనిది. అలాంటి కరణి బెడద లేనివి అకరణీయాలు, అంటే 3/4, -5/7 వంటివి. ఇంగ్లీషులో చదివే పిల్లలు ఇక్కడ తప్పకుండా తడబడతారు. ఎందుకంటే ఇంగ్లీషులో "కాదు" అన్న ముక్క ఇర్రేషనల్ అనే పేరుకు తగులుతుంది, తెలుగులో అది రేషనల్ సంఖ్యల పేరుకే, అకరణీయంలోని "అ"గా తగులుతుంది. ఈ ఒక్క విషయం పలక మీద అడ్డంగా గీత గీసి, ఇటు తెలుగు, అటు ఇంగ్లీషు రాసి చూపించండి.

ధన సంఖ్య, రుణ సంఖ్య అన్న పేర్లకు నేను ఎప్పుడూ అదనంగా పది నిమిషాలు ఇస్తాను. ధనం అంటే చేతిలో ఉన్న డబ్బు, రుణం అంటే అప్పు. 628లోనే బ్రహ్మగుప్తుడు ఈ మాటలతోనే సూత్రాలు చెప్పాడు: రెండు ధనాలు కలిస్తే ధనం, రెండు రుణాలు కలిస్తే రుణం, రెండు రుణాలను గుణిస్తే వచ్చే లబ్ధం ధనం. -5కి -3 కలిపితే ఎంత అంటే తెల్లమొహం వేసే పిల్లను, "కిరాణా కొట్టులో అయిదు రూపాయల అప్పు, పాల అంగట్లో మూడు రూపాయల అప్పు, మొత్తం నీ పరిస్థితి ఏమిటి?" అని అడిగి చూడండి. "ఎనిమిది రూపాయల అప్పు" అని ఠక్కున చెబుతుంది. మైనస్ ఎనిమిది అని రాయడమే మిగిలింది.

జ్యామితిలో విడగొట్టడం ఇంకా తేలిక. జ్యా అంటే వింటినారి, చాపం అంటే విల్లు. వృత్తం మీద రెండు బిందువులను కలిపే గీత జ్యా, ఆ రెండింటి మధ్య వంపు చాపం. బాణం ఎక్కుపెట్టిన బొమ్మ ఒకటి గీయించండి, జన్మలో మరచిపోరు. సమద్విబాహు త్రిభుజంలో సమానమైన రెండు బాహువులు పేరులోనే ఉన్నాయి. చతురస్రంలోని అస్రం అంటే మూల.

మూడో మెట్టు: విభక్తులను వదలవద్దు

లెక్కలో పెద్ద పదాలనే కాదు, ను, తో, కి, లో, కన్నా, నుంచి అనే చిన్న ముక్కలను కూడా నేర్పాలి. పద సమస్యల్లో ఎక్కువ మార్కులు పోయేది వీటి దగ్గరే అని నా అనుభవం.

"12 నుంచి 5 తీసివేయి" అంటే తెలుగులో 12 ముందు వస్తుంది, రాసేటప్పుడూ 12 - 5 అనే రాస్తాం. ఇదే ప్రశ్న ఇంగ్లీషులో ఉంటే 5 ముందు వస్తుంది, 12 చివర వస్తుంది. వరసగా చదువుతూ రాసే పిల్లవాడు 5 - 12 రాస్తాడు. ఐదో తరగతిలో అయితే చిన్నదాంట్లోంచి పెద్దది పోదు కాబట్టి తనే సరిదిద్దుకునేవాడు. ఏడో తరగతిలో రుణ సంఖ్యలు వచ్చేశాయి కదా, -7 అని జవాబు వచ్చేస్తుంది, తప్పు బయటపడదు. "-3 నుంచి -8ని తీసివేయి" అంటే -3 - (-8), జవాబు 5. తిప్పి రాస్తే -5. అందుకని ఇంగ్లీషు ప్రశ్న వచ్చినప్పుడు మనసులో "దేని నుంచి?" అని తెలుగులో ప్రశ్నించుకోమనండి. ఆ సంఖ్యను ముందు రాయమనండి.

రెట్లు, వంతు అన్న మాటల తేడా చూడండి. "మూడు రెట్లు" అంటే 3తో గుణించడం, "మూడో వంతు" అంటే 3తో భాగించడం. 60కి మూడు రెట్లు 180, 60లో మూడో వంతు 20. రెట్లకు ముందు "కి", వంతుకు ముందు "లో" వస్తాయని గమనించిన పిల్లలు అర్థం తెలియకపోయినా ఊహించగలుగుతారు.

బీజగణితంలో ఇదే మెట్టు అసలు పనికొస్తుంది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన రాయించండి. ఒక సంఖ్యను రెట్టింపు చేసి 5 కలిపితే 21 వచ్చింది. ఒక సంఖ్యకు 5 కలిపి రెట్టింపు చేస్తే 26 వచ్చింది. మొదటిది 2x + 5 = 21, రెండోది 2(x + 5) = 26. రెండింటిలోనూ ఆ సంఖ్య 8. మాటల వరస మారితే కుండలీకరణం వచ్చి చేరిందని పిల్లలు కళ్లారా చూస్తారు. వాక్యాన్ని ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కకు పక్కనే గుర్తు రాసుకుంటూ పోవడం అలవాటు చేయండి: "ఒక సంఖ్యకు" దగ్గర ఆగి x, "5 కలిపి" దగ్గర ఆగి x + 5, "రెట్టింపు చేస్తే" దగ్గర ఆగి 2(x + 5).

ఇక్కడే సమాసం, సమీకరణం తేడా కూడా చెప్పేయవచ్చు. సమీకరణం అంటే సమం చేయడం. మధ్యలో సమానం గుర్తు ఉండాలి, తక్కెడలా రెండు వైపులూ తూగాలి. 2x + 5 అని ఊరికే ఉంటే అది సమాసం మాత్రమే.

నాలుగో మెట్టు: ఇంటి అర్థం వేరు, లెక్క అర్థం వేరు

భూమి అంటే మనం నిలబడ్డ నేల. త్రిభుజంలో అడుగు భుజం భూమి, ఘాతాంకాల పాఠంలో 2⁵లో కింద ఉన్న 2 కూడా భూమే. కర్ణం అంటే చెవి, లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం, చతుర్భుజంలో ఎదురెదురు శీర్షాలను కలిపే రేఖాఖండం. హారం మెడలో వేసుకునేది, భిన్నంలో గీత కింద ఉండేది. భాగహారంలో ఉన్న హారమే భిన్నంలోని హారమని చెబితే పిల్లలు పూలదండను వదిలేస్తారు. లవం అంటే చిన్న తునక, "లవలేశమైనా లేదు" అంటామే, అదే.

ఈ జాబితాను పిల్లల చేతే పెంచండి. పదం, మూలం, వర్గం, సమాసం, వ్యాసం ఇలా వాళ్లే వెతికి తెస్తారు. ఇంగ్లీషు వైపు కూడా ఇదే పని ఉంది. ప్రొడక్ట్ అంటే అంగట్లో వస్తువు, లెక్కలో లబ్ధం. వాల్యూమ్ అంటే ఫోనులో శబ్దం, లెక్కలో ఘనపరిమాణం. మీన్ అంటే అర్థం, లెక్కలో సగటు. ఒక చోట తెలుగే స్పష్టంగా ఉంటుంది: ఇంగ్లీషులో ఆకారాన్నీ, 5² అనేదాన్నీ రెండింటినీ స్క్వేర్ అంటారు. మనం ఆకారాన్ని చతురస్రం అంటాం, 25ను 5 వర్గం అంటాం, కొలతకు చదరపు అని వాడతాం. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు ఈ మూడూ చెప్పి చూడండి, వాళ్లకున్న ఒక పాత చిక్కుముడి విడిపోతుంది.

వడ్డీ విషయంలో ఇంటి మాట లెక్కనే మార్చేస్తుంది. మన ఇళ్లలో "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. పుస్తకంలో 2 శాతం వడ్డీరేటు అంటే నూటికి సంవత్సరానికి రెండు రూపాయలు. అమ్మమ్మ చెప్పిన రెండు రూపాయల వడ్డీ పుస్తకం భాషలో 24 శాతం. 10,000 రూపాయల అసలుకు ఒక సంవత్సరానికి ఒకచోట 200, ఇంకోచోట 2,400. ఈ తేడా తెలిసిన పిల్ల పరీక్షలోనే కాదు, ఇంట్లో అప్పు మాటలు వచ్చినప్పుడు కూడా చెవి ఒగ్గి వింటుంది. అలాగే ఈ పాఠంలో "మొత్తం" అంటే అసలు, వడ్డీ కలిసినది అని విడిగా చెప్పండి.

అయిదో మెట్టు: చేత్తో పట్టుకోనివ్వండి

ఇరానీ హోటల్లో "వన్ బై టూ" అని చెప్పే ప్రతి హైదరాబాదీ భిన్నాలు మాట్లాడుతున్నట్టే. ఒక చాయ్, రెండు కప్పులు, ఒక్కొక్కరికి 1/2. ముగ్గురు కూర్చుని రెండు చాయ్‌లు చెబితే "టూ బై త్రీ", ఒక్కొక్కరికి 2/3. పైనున్న లవం చాయ్‌లు, కిందున్న హారం కప్పులు. నేను ఒక గిన్నెలో నీళ్లు, అరడజను కప్పులు పెట్టి ఇదే ఆట ఆడిస్తాను. వన్ బై టూలో ఎక్కువ వస్తుందా, వన్ బై త్రీలోనా? హారం పెద్దదైతే భిన్నం పెద్దదని వాదించిన పిల్లవాడు మూడో కప్పులోకి నీళ్లు ఒంపుతూనే "తగ్గిపోతోంది" అని తనంతట తానే అన్నాడు. తరువాత వన్ బై టూకీ టూ బై త్రీకీ పోలిక పెట్టండి. హారాలు సమానం చేస్తే 3/6, 4/6. రెండోదే ఎక్కువ.

మన పాత మాటలు కూడా వాడుకోండి. అర, పావు, ముప్పావు రైతుబజారులో రోజూ వినిపిస్తాయి: ముప్పావు కిలో అంటే 750 గ్రాములు, భిన్నంలో 3/4, దశాంశంలో 0.75, శాతంలో 75. ఒకే పరిమాణానికి నాలుగు వేషాలు. దశాంశాలను చదివించేటప్పుడు మాత్రం 3.45ను "మూడు పాయింట్ నలభై అయిదు" అననివ్వవద్దు. అలా చదివితే 3.5 కన్నా అదే పెద్దదనిపిస్తుంది. "మూడు పాయింట్ నాలుగు అయిదు" అనాలి.

నిష్పత్తికి వంటిల్లు చాలు. ఇడ్లీకి ఒక గ్లాసు మినపప్పు, రెండు గ్లాసుల రవ్వ అయితే నిష్పత్తి 1:2. తిప్పి 2:1 అంటే ఇడ్లీ వేరే అవుతుంది, అందుకే పూర్వపదం, పరపదం అని వరసకు పేర్లు పెట్టారు. కొలతలు ఒకే ప్రమాణంలో ఉండాలి. 500 గ్రాములకూ 2 కిలోలకూ నిష్పత్తి 1:4 అవుతుంది, 500:2 కాదు.

పరిధికి దారం. స్టీలు కంచం అంచు చుట్టూ దారం చుట్టి, రెండు కొనలూ కలిసిన చోట కత్తిరించండి. ఆ దారాన్ని కంచం మధ్య నుంచి, అంటే వ్యాసం వెంట, పరచమనండి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పడుతుంది, ఇంకా కొంచెం మిగులుతుంది. చిన్న పళ్లెం తీసుకున్నా అంతే, పెద్ద బేసిన్ తీసుకున్నా అంతే. ఆ మూడు, మీద కొంచెమే పై (π). 22/7 దానికి దగ్గరి విలువ. దారం మిగిలిన ఆ కొసను పిల్లలు వేలితో పట్టుకుని చూసేటప్పుడు తొందరపెట్టకండి.

వైశాల్యానికి మన ఊళ్లో గజాల కన్నా మంచి ఉదాహరణ లేదు. "రెండు వందల గజాల స్థలం" అంటే ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. అందులో దాగి ఉన్న "చదరపు" అన్న మాటను మాత్రం మింగేస్తాం. గజానికి మూడు అడుగులు కాబట్టి అది 600 అడుగులని పిల్లలు చెబుతారు. నేల మీద సుద్దముక్కతో గజం పొడవు, గజం వెడల్పు ఉన్న చతురస్రం గీయించి, లోపల అడుగు అడుగుకీ గీతలు గీయించండి. తొమ్మిది గళ్లు వస్తాయి. చదరపు గజానికి 9 చదరపు అడుగులు, 200 గజాల స్థలం 1,800 చదరపు అడుగులు. దాని చుట్టూ ప్రహరీకి కావలసింది చుట్టుకొలత, అది మామూలు గజాల్లోనో అడుగుల్లోనో ఉంటుంది. లోపల నేలకు పరిచే బండలకు కావలసింది వైశాల్యం. ఘనపరిమాణానికి మేడ మీద నీళ్ల ట్యాంకు చూపించండి: 1,000 లీటర్లు ఒక ఘనపు మీటరు.

శాతానికి పండుగ సీజన్లో దుకాణాల ముందు బోర్డులు చదివించండి. ముందు 50 శాతం, ఆపైన 20 శాతం రాయితీ అంటే మొత్తం 70 కాదు. ప్రకటిత వెల 1,000 అయితే మొదట 500కు దిగుతుంది, తరువాతి 20 శాతం ఆ 500 మీద, కాబట్టి 400. మొత్తం రాయితీ 60 శాతం. శాతం వినగానే "దేని మీద?" అని అడిగే అలవాటు ఇక్కడే పడాలి.

సగటు, మధ్యగతం, బాహుళకం కోసం ఎక్కువ శ్రమ అక్కరలేదు. పిల్లల చెప్పుల సైజులు రాయించి, కలిపి భాగిస్తే సగటు, వరసలో పెట్టి మధ్యలోది చూస్తే మధ్యగతం, ఎక్కువసార్లు వచ్చింది చూస్తే బాహుళకం. ఒక్క గంటలో వచ్చేస్తాయి.

ఆరో మెట్టు: మాటకో పేజీ

నోటుపుస్తకంలో ఒక్కో మాటకు ఒక పేజీ ఇవ్వండి. వారానికి అయిదు మాటలు చాలు, అంతకు మించితే అది ఉత్త చూచిరాత అయిపోతుంది. పేజీలో పైన మాట, దాని పక్కన ఇంగ్లీషు పేరు. కింద విడగొట్టిన ముక్కలు, ఒక బొమ్మ, ఆ రోజు తాను చూసిన విషయంతో తానే రాసిన వాక్యం, చివర "ఇది అది కాదు" అన్న ఒక ఉదాహరణ. ఆ చివరిదే ముఖ్యం. ఒక అబ్బాయి రాసిన గుణిజం పేజీ ఇలా ఉంది: గుణించగా పుట్టినది. మెట్రో రైలు 5 నిమిషాలకు ఒకటి వస్తే, రైళ్లు వచ్చే నిమిషాలు 5, 10, 15, 20, ఇవి 5కు గుణిజాలు. 12 కాదు, ఎందుకంటే 5తో భాగిస్తే 2 శేషం. ఒక్క పేజీలో ఆ అబ్బాయి శేషాన్ని కూడా సరిగ్గా వాడాడు.

రాసిన మాటను మరునాడు, వారం తరువాత, నెల తరువాత మళ్లీ అడగండి. పేజీ మూసి అడగాలి. నిర్వచనం అప్పజెప్పమనవద్దు, ఉదాహరణ చెప్పమనండి.

ఏడో మెట్టు: అవునా, కాదా?

మాట నిజంగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక వాక్యం చెప్పి అవునా కాదా అని అడగండి, కారణం చెప్పించండి. ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే. అవును, నాలుగు కోణాలూ లంబకోణాలు కాబట్టి. ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే. కాదు, 2 ఉంది. 1 ప్రధాన సంఖ్య. కాదు, ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలు ఉండాలి, 1కి ఒక్కటే. 507లో మూడు సంఖ్యలున్నాయి. కాదు, మూడు అంకెలున్నాయి, సంఖ్య ఒక్కటే. ఒక త్రిభుజంలో రెండు అధిక కోణాలు ఉండవచ్చు. కాదు, ఆ రెండే 180 డిగ్రీలు దాటిపోతాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒకరు వాదించి ఇంకొకరు ఖండించేలా కూర్చోబెట్టండి. వాదనలో మాట నోట్లో నలుగుతుంది.

చివరగా లెక్కను వాళ్లనే తయారుచేయమనండి. వ్యాసార్ధం దగ్గర తడబడిన ఆ అమ్మాయే ఎనిమిదో తరగతికి వచ్చాక ఒక లెక్క రాసుకొచ్చింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. అది వృత్తమే అనుకుంటే వ్యాసం ఎంత, వ్యాసార్ధం ఎంత? 158ని 3.14తో భాగించి వ్యాసం సుమారు 50.3 కిలోమీటర్లు అనీ, వ్యాసార్ధం సుమారు 25.2 అనీ జవాబు కూడా రాసింది. ప్రశ్నలో మొదట "పరిధి" అని రాసి, కొట్టేసి, "చుట్టుకొలత" అని దిద్ది ఉంది. ఎందుకు మార్చావని అడిగాను.

"అది సరిగ్గా వృత్తం కాదు కదా టీచర్, వంకరలున్నాయి. వృత్తం అనుకున్నాకే పరిధి అనాలి" అంది.